ఎర్ర లిప్‌స్టిక్, పాత నైటీ

కౌన్సిల్ వాళ్ళొస్తే పాత నైటీ, ఆసుపత్రికి వెళితే ఎర్ర లిప్‌స్టిక్. కిర్క్‌మోర్ ఊళ్ళో చక్రాల కుర్చీలో తిరిగే ప్రతివాళ్ళకీ ఎఫీ నూరిపోసిన పాఠం ఇది.

ఊరి పాలన చూసే కౌన్సిల్ నుంచి మనిషి ఇంటికొచ్చి నీకెంత సర్కారు సాయం కావాలో చూస్తాడు. అతని ముందు నవ్వావో, నీకు సాయమే అక్కర్లేదంటాడు. అందుకని ఆ పూట తల దువ్వుకోకూడదు, మంచం దిగకూడదు. ఎలా ఉన్నావని అడిగితే ఏడాది మొత్తంలో అతి చెడ్డ రోజేదో అది చెప్పాలి. ఆసుపత్రిలో అంతా తలకిందులు. అక్కడ దీనంగా కనిపిస్తే, ఈ మనిషిని బతికించి ఏం లాభంలే అని డాక్టరే అనేసుకుంటాడు. కాబట్టి నిమోనియాతో రొప్పుతున్నా సరే లిప్‌స్టిక్ వేసుకుని, నీ ఉద్యోగం గురించీ స్నేహితుల గురించీ ఆయనకి విసుగొచ్చేదాకా చెప్పాలి.

మోర్వెన్ గెడ్డెస్ రెండు వేషాలూ కట్టీ కట్టీ ఆరితేరింది. ఆమెది కండరాలు కరిగిపోయే జబ్బు. ఈ పిల్ల బడి ఈడు దాటదని ఒక డాక్టరు తేల్చేశాడు. ఆయన పోయి చాలా కాలమైంది, మోర్వెన్‌కి నలభై ఆరేళ్ళు. ఇప్పుడు చిక్కల్లా మూడో చోటు వచ్చిపడడం. చావు దగ్గరపడిన రోగులు కోరుకుంటే డాక్టరే మందిచ్చి చావడానికి సాయపడవచ్చని చట్టం తెస్తున్నారు. దాన్ని వ్యతిరేకిస్తున్న వికలాంగుల తరఫున రాజధానికొచ్చి మాట్లాడమని సభాసంఘం మోర్వెన్‌ని పిలిచింది.

"ఏ వేషం కట్టమంటావే?" అని అడిగింది మోర్వెన్.

స్నేహితురాలు ఎఫీ పుట్టుకతోనే మెదడు దెబ్బతిన్న మనిషి. కర్రల మీద నడుస్తుంది. మాట ముద్దముద్దగా వస్తుంది కానీ, పదును మాత్రం తగ్గదు. "లిప్‌స్టిక్కే. మా బతుకు మాకు బాగుంది, మీ మందు మీరే తాగండి అని చెప్పిరా."

"టీవీలో చూపిస్తారు. వచ్చే వారం కౌన్సిల్ కాలిన్ వస్తాడు. చూశాడంటే ఆగ్నెస్‌ని ఊడబీకుతాడు."

ఎఫీ కర్రలు గోడకానించి కూలబడింది.

ఆగ్నెస్ రాత్రిళ్ళు మోర్వెన్ దగ్గర ఉండే సహాయకురాలు. పడుకుంటే మోర్వెన్‌కి ఊపిరి ఆడదు, ముఖానికి గాలి మాస్కు తగిలించాలి. అది జారితే సర్దుకోవడానికి చేతులు లేవవు. ఆగ్నెస్ సర్దుతుంది, ఒత్తిగిలి పడుకోబెడుతుంది, బాత్రూముకి తీసుకెళ్తుంది. రాత్రి మనిషి దండగ, డైపరూ ఒక అలారం బొత్తమూ సరిపోతాయని కౌన్సిల్ కొన్నాళ్ళుగా సణుగుతోంది. ఆ బొత్తం నొక్కేదెవరో కౌన్సిల్ చెప్పలేదు.

చివరికి మోర్వెన్ లిప్‌స్టిక్ వేసుకునే బయల్దేరింది. ఏం మాట్లాడాలో రైల్లో దారి పొడుగునా వల్లెవేసుకుంది.

సభాసంఘంలో ప్రశ్నలడిగినావిడ ఫెనెలా రే. వాళ్ళమ్మ కేన్సరుతో అరుస్తూ అరుస్తూ పోయిందని, అందుకే ఈ చట్టం కోసం నిలబడ్డానని ముందే చెప్పింది. అందులో నటన లేదు. మోర్వెన్‌కి ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది.

"భయపడకండి మోర్వెన్ గారూ, తొందరేం లేదు," అంది ఫెనెలా. "మీకు ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పండి."

ఆ ప్రశ్నే కొంప ముంచింది. సరిగ్గా అవే మాటలు, అదే మెత్తని గొంతు. జీవితమంతా కౌన్సిల్ వాళ్ళు ఇలాగే అడిగారు. మోర్వెన్ నోరు దానంతటదే నడిచిపోయింది. మాస్కు సగం జారిపోయి తెల్లవార్లూ గాలి కోసం కొట్టుకున్న సంగతి చెప్పింది. తడిసిన పక్కలోనే మధ్యాహ్నందాకా పడి ఉన్న సంగతి, ఒళ్ళు పుండైన సంగతి, గ్లాసు కళ్ళెదురుగానే ఉన్నా దాహంతో ఏడ్చిన సంగతి వరసగా చెప్పింది. ఎఫీ నేర్పినట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పింది.

ఎవరో ముక్కు చీదుకున్నారు. ఫెనెలా కళ్ళు తుడుచుకుని, "చాలా ధైర్యంగా చెప్పారు. ఇంత బాధని భరించి తీరాలని మనం ఎవర్నీ బలవంతపెట్టకూడదు. ఈ చట్టం ఎందుకు కావాలో మీకంటే బాగా ఎవరూ చెప్పలేరు," అంది.

మోర్వెన్‌కి తల బాదుకుందామన్నా చేతులు రావు.

"కాదండీ, అది ఆగ్నెస్ రాని రోజు. ఆవిడకి జ్వరమొస్తే ఇంకెవర్నీ పంపలేదు. నా రోజులన్నీ అలా ఉండవు." ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేసింది. గురువారాలు క్లబ్బులో తంబోలాలాంటి బింగో ఆటకి నంబర్లు పిలిచేది తనే. ఒక్కో నంబరుకి ఒక్కో కొంటె పేరు పెట్టి పిలుస్తుంటే ముసలివాళ్ళు పళ్ళ సెట్లు ఊడేలా నవ్వుతారు. ఎఫీతో కలిసి గుర్రప్పందేలు చూస్తుంది, చేపలూ బంగాళాదుంపల వేపుడూ లాగిస్తుంది, పక్కింటాయన మీద కన్ను కూడా వేసింది.

గదిలో నవ్వులు పూశాయి. ఫెనెలా ముఖం తేటపడింది. "ఎంత గొప్ప మనిషండీ మీరు. మీరేం దిగులు పెట్టుకోకండి. ఈ చట్టం మీలాంటివాళ్ళ కోసం కాదు."

మోర్వెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇందాక నన్ను చూసేగా ఏడ్చారు? ఆ రోజూ నాదే, ఈ రోజూ నాదే. జబ్బు రెండు రోజులూ ఒక్కటే. తేడా అంతా ఆగ్నెస్ వచ్చిందా లేదా అన్నదే. ఆవిడ రాని రోజుల్ని వరసగా పేర్చండి, చస్తానని నేనే అంటాను. అప్పుడు మీ డాక్టరు నా దగ్గరికి చావు కాగితం పట్టుకొస్తాడా, ఆగ్నెస్‌ని పట్టుకొస్తాడా?"

సమయం అయిపోయిందని అధ్యక్షుడు మర్యాదగా చెప్పాడు. మైకు ఆగిపోయింది. ఆ సాయంత్రం టీవీలో కన్నీళ్ళూ చూపించారు, బింగో కూడా చూపించారు. ఆగ్నెస్ మాటెత్తింది చూపించలేదు.

తరువాతి వారం కాలిన్ వచ్చాడు. ఎఫీ పట్టుబట్టి పాత నైటీ తొడిగించింది, మోర్వెన్‌ని మంచం మీదే ఉంచింది, మాస్కు కూడా తగిలించింది. కాలిన్ గడప దాటుతూనే పళ్ళికిలించాడు.

"టీవీలో చూశానండీ. అదరగొట్టేశారు. మా ఆవిడ అయితే మీకు అభిమాని అయిపోయింది. ఇంత హుషారుగా ఉన్నారంటే మాకూ సంతోషమే కదా. అందుకే ఈ రాత్రి సాయం విషయం మళ్ళీ ఆలోచిద్దామని."

"ఏడ్చింది కూడా చూశావా నాయనా?" అంది మూలనుంచి ఎఫీ.

"అది ఒక్కసారి జరిగింది కదండీ. తన రోజులన్నీ అలా ఉండవని ఆవిడే చెప్పారు."

చెడ్డ రోజుని చట్టం చేసేవాళ్ళు నమ్మారు, మంచి రోజుని కౌన్సిల్ వాళ్ళు నమ్మారు. తను చెప్పిన ప్రతి ముక్కా నిజమే, ప్రతి ముక్కా అక్కర్లేని చోటికే చేరింది. మోర్వెన్‌కి ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళు మండిపోయింది. వేషాలిక చాలనిపించింది.

"కాలిన్, ఇలా వచ్చి కూర్చో. ఎఫీ, ఈ మాస్కు పక్కకి జరుపు. జరిపి అవతలికి వెళ్ళు."

ఎఫీ ఒక్క క్షణం తటపటాయించి, కర్ర కొసతో మాస్కుని చెంప మీదికి నెట్టింది. మోర్వెన్ మాట్లాడలేదు. మాట్లాడడానికి గాలి లేదు. గొంతు కింద గుంట పడింది, పెదాల రంగు మారసాగింది. గాలి మిషను కీచుకీచుమంటోంది. ఆమె కళ్ళు మాత్రం కాలిన్ ముఖం మీదనుంచి కదల్లేదు. అతను ఎఫీ వంక చూశాడు. ఎఫీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి మాస్కు పట్టుకుని ఆమె ముఖానికి సరిగ్గా తగిలించాడు.

మోర్వెన్ చాలాసేపు గాలి తాగింది. కాలిన్ ముఖం పాలిపోయింది. ఇప్పుడు తెలిసింది వీడికి, అనుకుంది. రాత్రిళ్ళు మనిషి ఎందుకు కావాలో ఇంతకంటే విడమరచి ఎవరు చెప్పగలరు? ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమెకి కాస్త ఆశ పుట్టింది.

కాలిన్ నుదురు తుడుచుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "క్షమించండి. ఇంత ఘోరమని నాకు తెలీదు," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, మనసులోంచి, ఎంతో జాలిగా అన్నాడు: "నేనైతే ఇలా బతకలేనండీ. ఆ చట్టం త్వరగా వస్తే బాగుండు."

ఎఫీ కర్ర నేలకేసి కొట్టింది. మోర్వెన్ కళ్ళు మూసుకుని, తెరిచింది. మాస్కులోంచి మాట బొంగురుగా వచ్చింది.

"నిన్ను ఇలా బతకమని ఎవరూ అడగలేదు నాయనా. రాత్రికి ఆగ్నెస్‌ని పంపమన్నాను. ఆ ఒక్క ముక్కా రాసుకుని వెళ్ళు."