పురిటికొచ్చిన కొంగలు

రెట్టల వాసన. పచ్చిచేపల వాసన. ఎండకి వేడెక్కిన చింతాకు వాసన...

కళ్ళు మూసుకున్నా ఊరొచ్చిందని తెలిసిపోతుంది ప్రేమకుమారికి.

డెబ్భై నాలుగో సంవత్సరం, ఎండలు ముదరని రోజులు. తిరువూరులో బస్సు దిగి, బాబాయి యోసేపు తోలుకొచ్చిన ఎద్దుబండి ఎక్కారు, ఆమే, భర్త దేవానందమూ. ఏడో నెల. తొలిచూలు. పురిటికి పుట్టింటికి వస్తోంది.

ఊరి మొదట్లో చింతచెట్లు. కొమ్మకొమ్మకీ ఎర్రకాళ్ళ కొంగలు. గూళ్ళలో ఇంకా రెక్కలు రాని పిల్లలు.

ఏటా వస్తాయి. పిల్లల్ని పెంచుకుని వెళ్ళిపోతాయి. ఆ ఊళ్ళో వాటిని కొంగలనరు. ఆడపిల్లలంటారు. ఆడపిల్లలు పురిటికొచ్చారు అంటారు. పెళ్ళి మేళం కూడా ఆ చెట్ల కింద నోరు మూసుకుని నడవాల్సిందే.

దేవానందం పట్నంలో పుట్టిన మనిషి. మెడలో కొత్త కెమెరా. బండి ఆపించి, భార్యని చెట్ల ముందు నిలబెట్టి, కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు.

"అన్నీ కూర్చునే ఉన్నాయి. ఎగిరితే బాగుంటుంది. ప్రేమా, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు."

చెప్పొచ్చు. ఒక్క మాట. ఇవి మా ఊరి ఆడపిల్లలండీ, పురిటికొచ్చాయండీ...

చెప్పలేదు.

సిగ్గేసింది. పల్లెటూరి మాట — నవ్వుతాడేమో అనుకుంది. బాబాయి "వద్దమ్మా" అనేలోపే —

కొట్టింది.

రెక్కలు... రెక్కలు... చెట్లన్నీ ఒక్కసారి లేచిపోయినట్టు. కెమెరా క్లిక్కుమంది.

ఆ వెంటనే ఎండుటాకుల మీద మెత్తగా ఏదో పడింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ.

పిల్లలు.

ఒకటి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది. బాబాయి తలగుడ్డ విప్పి దాని మీద కప్పాడు. ఎద్దుల్ని అదిలించాడు.

ఊరంతా తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. తిట్టడానికే అనుకుంది ప్రేమకుమారి. తిడితే బాగుండుననుకుంది. వాళ్ళు జంతికలు తెచ్చారు. చింతకాయ పచ్చడి తెచ్చారు. చెట్ల ఊసే ఎత్తలేదు. ఆ చెట్ల పక్కింటి సామ్రాజ్యం పిన్ని కళ్ళు మాత్రం ఏడ్చిన కళ్ళు. "చిక్కిపోయావే" అంటూ తల నిమిరింది.

అంతే.

వారం తిరక్కుండా, పట్నం తిరిగెళ్ళిన దేవానందం ఫొటో పంపాడు. బాగా వచ్చింది. అదే బాధ. చేతులు రెండూ కలిపి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది తను. ఆ నవ్వుని చూసుకుని చచ్చేంత సిగ్గుపడింది. ఊరి మాట చెప్పడానికి పడ్డ సిగ్గు ఇప్పుడు ఎంత చిన్నదో.

అమ్మ చిట్టెమ్మ అన్నం పెట్టింది. ముద్ద కలిపి కంచంలోనే ఉంచింది ప్రేమకుమారి.

"ఒక్క మాట తిట్టమ్మా. నీకు పుణ్యముంటుంది."

చిట్టెమ్మ కూతురి మొహం వైపు చూడలేదు.

"పురిటికొచ్చిన పిల్లని ఈ ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా అంటారటే..."

కంచంలో ఇంకొంచెం నెయ్యి వేసింది.