జాయ్స్ రాసిన నూట ఇరవై

జాయ్స్ లెక్కల పుస్తకం తెరిచిందంటే ఆ ఇంట్లో ఆవాలు కూడా తల్లి హన్నమ్మ అనుమతి లేనిదే చిటపటమనవు. కంటోన్మెంటు కాకులు పక్క వీధికి పోయి అరిచి వస్తాయి. కుక్కరుకే బుద్ధి లేదు. అది కూసినప్పుడల్లా తిట్లు కోడలు గ్లోరియాకు పడతాయి.

తెల్లారితే ఆదివారం, సర్కారు ఉద్యోగాల పరీక్ష. హన్నమ్మ కూతురి వైపు ఫ్యాను తిప్పి, బాదం పాలు పెట్టి, వంటింటి వైపు గుసగుసగా అరిచింది.

"మెల్లగా రుద్దు చపాతీలు! పాప లెక్క చెడిపోతాది."

గ్లోరియాకు చపాతీ కర్ర విరగ్గొట్టాలనిపించింది. తనూ బీఎస్సీనే. తనకూ హాల్ టికెట్ వచ్చింది. జాయ్స్ ఒంటరిగా పోలేదని, తోడుకని భర్త విజయ్ కుమార్ ఆమె చేతా అప్లికేషన్ వేయించాడు. ఇప్పుడేమో జాయ్స్ స్నేహితురాలి కారు కుదిరింది, వదిన తోడు అక్కర్లేకపోయింది.

"సుమ్నే, ఊరికే నీకెందుకే ఆ తిప్పలు? రేపు పాస్టరయ్యగారి భోజనం మన వంతు గదా," అన్నాడతను, తోరణగల్లు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ.

కూతురు పరీక్ష కోసం ఆదివారం ఆరాధన మానాల్సి వస్తుందని హన్నమ్మ పోయిన వారమే చర్చి సంఘం చేత ప్రత్యేక ప్రార్థన చేయించింది. "కోడలు గుడి ఎగ్గొడితే మాత్రం నలుగురూ ఏమంటారు?" అంది. అదే దేవుడు, అదే పరీక్ష. ఆడబిడ్డకు మాఫీ, కోడలికి పాపం.

గ్లోరియాకు ఆ పాలగ్లాసు మీద అసూయ. ఆ ఫ్యాను మీద అసూయ. అన్నిటికన్నా "పాప చదువుకుంటాంది" అనే మాట మీద. తన గురించి ఎవరైనా అలా అని ఎన్నాళ్లయింది? పిండి కలుపుతూ మనసులో అంకెలు పేర్చుకోవడాన్ని చదువంటారా ఎవరైనా?

చపాతీలు తీసుకుని వెళ్తే జాయ్స్ చేస్తున్న లెక్క కంటబడింది. సున్నా నుంచి నాలుగు దాకా అంకెల్లో ఏదీ రెండుసార్లు వాడకుండా నాలుగంకెల సంఖ్యలు ఎన్ని రాయవచ్చు? జాయ్స్ అయిదు, నాలుగు, మూడు, రెండు గుణించి నూట ఇరవై అని రాసింది. తప్పు. మొదటి చోట సున్నా పెడితే అది మూడంకెల సంఖ్యే అవుతుంది. అక్కడికి నాలుగే అంకెలు పనికొస్తాయి. రెండో చోటికి సున్నాతో కలిపి మళ్లీ నాలుగు. తర్వాత మూడు, రెండు. మొత్తం తొంభై ఆరు.

గ్లోరియా చపాతీల పళ్లెం బల్ల మీద పెట్టింది. లోపల బెల్లం పాకంలా ఏదో కారింది. రేపూ ఇట్లే రాయి తల్లీ. సంఘమంతా చేసిన ప్రార్థన నూట ఇరవైని తొంభై ఆరు చేస్తుందేమో చూద్దాం.

"వదినా, కరెక్టేనా? ఈ లెక్కలంటే నాకు తలకాయ తిరుగుతాది. నువ్వైతే చూస్తూనే చెప్తావు," అంది జాయ్స్.

"చూసేదానికి ఆమెకు టైమేడుంది? కోడి కడగల్ల ఇంకా," అంది హన్నమ్మ.

పాకం ముదిరి చేదెక్కింది. జాయ్స్ పరీక్ష తప్పితే తనేం గెలుస్తుంది? పరీక్ష రాయని మనిషికి దక్కేది ఎదుటివాళ్ల తప్పు చూసి మురిసిపోవడమే. ఆ మురిపెంతో ఎన్నేళ్లు బతకాలి? అసూయ మాత్రం పోలేదు. పోవాలని ఆమె అనుకోనూ లేదు.

చెయ్యి కొంగుకు తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తప్పు జాయ్సూ. సున్నా ముందు రాదు. ఆ చోటు మొదట లెక్కేయాల. రేపు మీ కారులో నేనూ వస్తాండా."

"మరి పాస్టరయ్యగారి భోజనం?" విజయ్ కుమార్ బూటు చేతిలోనే ఉంది.

"నువ్వుండావు గదప్పా."

హన్నమ్మ నోరు తెరిచేలోగా గ్లోరియా పెన్ను అందుకుంది.

"బాగా నేర్చుకో జాయ్సూ. రేపు నేను నిన్ను దాటాల. తప్పులు రాసేదాన్ని దాటితే ఏం గొప్ప?"