దొడ్డిగుమ్మం

దొరగారి చెప్పులు తుడిచి, సింహద్వారం దగ్గర బయటికి మొహం పెట్టి ఉంచాడు నతానియేలు. దివాణంలో నలభై ఏళ్లుగా అతని మొదటి పని ఇదే. ఇప్పుడక్కడ ద్వారం లేదు. కిందటి నెల దొరగారి అన్న కొడుకు దివాణాన్ని త్రినాథ్‌కు అమ్మేశాడు. టేకు తలుపులు ఒంగోలు రోడ్డులో ఏదో రిసార్టుకు పోయాయి. ఆ ఖాళీని సిమెంటు ఇటుకలతో పూడ్చారు. చెప్పులు ఇటుకలకేసి చూస్తున్నాయి.

ఇక మిగిలింది దొడ్డిగుమ్మం. ఎత్తు మనిషి ఛాతీ దాకా ఉంటుందంతే. పనివాళ్లు తల వంచి రావాలని దొర తాత కావాలనే అంత పొట్టిగా పెట్టించాడు. ద్వారబంధం పైకమ్మి నిండా తలనూనె జిడ్డు. అందులో నతానియేలు తాతది ఉంది, తండ్రిది ఉంది, అతనిదీ ఉంది. దొరది లేదు. ఆ కంతలోంచి తల వంచి పోనని ఎనభై రెండేళ్ల ముసలాయన నెల రోజులుగా లోపలే కూర్చున్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపంగి నూనె. నతానియేలు ఇంటి నుంచి తెచ్చిన జావ తాగి, గ్లాసు సరిగ్గా తోమలేదని తిట్టేవాడు.

ఇవాళ జేసీబీ వస్తుంది. మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కడతారట, కట్టుకోనీ. నతానియేలుకు కావలసింది ఒకటే. దొర వంగాలి. ఆ నెత్తి ఆ కమ్మికి తగలాలి. అది చూడటానికే రోజూ వస్తున్నాడు. జాలి అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

"పన్నెండింటికి లేవాల దొరా," అన్నాడు జావ పెడుతూ.

"ఎక్కడికిరా?"

"బయటికి. దొడ్డిగుమ్మంలోంచి."

"నా చెప్పులెక్కడ పెట్టావ్?"

"ఎప్పుడూ పెట్టేచోటే."

"అయితే అటే పోతా," అని దొర కళ్లు మూసుకున్నాడు.

నతానియేలుకు ఒళ్లు మండింది. పెరట్లోకి వెళ్లి, గుమ్మానికి అడ్డంగా పెరిగిన తుమ్మకొమ్మ నరికాడు, దొర వంగేది బాగా కనబడాలని. ఎదురుగా పాత రోలు మీద కూర్చున్నాడు.

పదకొండున్నరకు లోపలికెళ్లిన త్రినాథ్ వెంటనే తిరిగొచ్చాడు.

"పెద్దాయన పోయాడయ్యా. జావ కూడా ముట్టుకోలా."

నతానియేలుకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ ఒక్క పూట ఆగలేకపోయాడా?

అన్న కొడుకు ఫోను ఎత్తలేదు. మంచంతోనే మోయడానికి త్రినాథ్, జేసీబీ నడిపే ముబీన్, రోడ్డు మీద ఆపిన ఆటో అతను, నతానియేలు కలిశారు.

"ముందు ఇటుకలు లాగేస్తా, రెండు నిమిషాల పని," అన్నాడు ముబీన్.

"అక్కర్లా," అన్నాడు నతానియేలు. "ఇటే పోవాల."

దొర కాళ్లు ముందుకు పెట్టి, గుమ్మం దగ్గర మంచాన్ని మోకాళ్ల దాకా దించారు. దొర వెల్లకిలా, మెడ బిగించి, మీసం పైకి పెట్టి, కమ్మి కిందనుంచి జానెడు ఎడంగా సాఫీగా వెళ్లిపోయాడు. తలవైపు పట్టుకున్న నతానియేలు నడుం రెండుగా వంగింది. కమ్మి అతని నెత్తికే ఠపీమని తగిలింది.

"చచ్చి కూడా నన్నే వంచాడు," అన్నాడు.

మూడింటికి జేసీబీ ముందువైపు మొదలుపెట్టి, ఇటుకలను బయటికి లాగింది. దుమ్ము అణిగాక, తెరుచుకున్న దారిలో దొర చెప్పులు ఉన్నచోటే ఉన్నాయి, రోడ్డుకేసి మొహం పెట్టి.