ఓపెనండీ

తొడిమ చూసి మామిడికాయ ఎన్నాళ్లకు ముగ్గుతుందో చెప్పెయ్యగలడు శ్రీరాములు. నూజివీడులో ఆయన మాటకి ఎదురు చెప్పే వ్యాపారి లేడు. ఇంట్లో మాత్రం అన్నపూర్ణ ఉంది.

రెండేళ్ల కిందట డాక్టరు, "బీపీ ఉంది, ఏదైనా సరదా పెట్టుకోండి" అంటే వెళ్లి హవాయి గిటారు కొనుక్కొచ్చాడు. లోకంలో అందరూ గిటారుని గుండెకి ఆనించుకుని వాయిస్తారు. దీన్ని చంటిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకోవాలి. కుడిచేత్తో మీటుతూ, ఎడంచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద అటూ ఇటూ జరపాలి. వంటింటి పక్క గదిలో రోజూ పొద్దున్నే ఆ జరపడం చూసి, "ఇస్త్రీ అయిందా అండీ? కాఫీ చల్లారిపోతోంది" అనేది అన్నపూర్ణ. చిన్నప్పుడు చింతలపూడిలో రెండేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. ఆవిడ నోట ఒక్కసారి బాగుందన్న మాట వస్తే చాలునని శ్రీరాములుకి మహా ఆశగా ఉండేది. రెండేళ్లలో ఆ మాట రాలేదు.

ఈ వాయిద్యానికి శ్రుతి పెట్టే పద్ధతి కూడా వేరు. ఆరు తీగల్నీ ముందే ఒకదానికొకటి కుదిరేలా బిగించి ఉంచుకుంటే, ఎక్కడా నొక్కకుండా ఉత్తినే మీటినా నిండుగా పలుకుతుంది. శ్రీరాములు పెట్టుకున్న కూర్పుని ఓపెన్ డి అంటారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా ఆయన ఈ సంగతి చెప్పేవాడు.

శ్రావణంలో పాతికేళ్ల పెళ్లిరోజు వచ్చింది. హాలు మాట్లాడారు. భోజనాలకు ముందు తానొక పాట వాయిస్తానని శ్రీరాములు ప్రకటించాడు.

"మా అన్నయ్యలందరూ వస్తున్నారు. వాళ్ల ముందు నవ్వులపాలయ్యారంటే, మర్నాడే ఆ గిటారు అటకెక్కుతుంది. ఒట్టు," అంది అన్నపూర్ణ.

పెళ్లయిన కొత్తలో సిగరెట్ల మీద కూడా ఆవిడ ఇలాగే ఒట్టేసింది. ఆ తర్వాత శ్రీరాములు సిగరెట్టు వాసన చూసి ఎరగడు. అందుకని పాటని రోజుకి పదిసార్లు సాధన చేశాడు.

ఆ రోజు మధ్యాహ్నమే హనుమాన్ జంక్షన్ నుంచి సౌండు సిస్టమ్ పరదేశి వచ్చి, యాంప్లిఫయరుకి తగిలించి చూస్తానని గిటారు పట్టుకెళ్లాడు. కాసేపటికి శ్రీరాములుకి బెంగ పట్టుకుంది. తెలియనివాడు, బిగింపు కదిపేస్తే? ఫోను చేశాడు.

"ఒరే పరదేశీ! తీగలు ఓపెన్ డి! మర్చిపోకు!"

"మీరు చెప్పాక మర్చిపోతానా అండీ!" అన్నాడు పరదేశి, జనరేటరు మోతలోంచి.

సాయంత్రం మూడొందల మంది ముందు శ్రీరాములు స్టేజీ ఎక్కి, గిటారు ఒళ్లో పెట్టుకుని, ఠీవిగా తీగల్ని మీటాడు. బట్టలారేసే తాడుని మీటితే వచ్చే చప్పుడు వచ్చింది. ఆరు తీగలూ వేలాడుతున్నాయి.

"ఎవడ్రా దీన్ని ముట్టుకుంది?" అన్నాడు పళ్లు బిగించి.

పరదేశి పరుగెత్తుకొచ్చాడు. "నేనేనండీ. తీగలు ఓపెనండీ అన్నారు కదండీ. పదిహేనేళ్లలో ఒక్కనాడూ నన్ను అండీ అననోరు, ఇవాళ అన్నారే అని మురిసిపోయి, ఒక్కటీ వదలకుండా ఓపెన్ చేసేశానండీ!"

వాణ్ని తిట్టడానికి కూడా వ్యవధి లేదు. శ్రుతి చూపించే యాప్ తీస్తే, అది ఆ గోలలో జనరేటరుకి శ్రుతి చూపించడం మొదలెట్టింది. చెవితో బిగిద్దామంటే తన చెవి మీద తనకే నమ్మకం లేదు. ఇన్నాళ్లూ ఫోను చెప్పినట్టే బిగించాడు మరి. ముందు వరసలో పెద్ద బావమరిది సత్యనారాయణ మీసాల చాటున నవ్వు దాచుకుంటున్నాడు. వెనక వరసల్లో దాచుకోవడం కూడా మానేశారు. శ్రీరాములుకి నిజంగా ఏడుపొచ్చింది.

"సా..." అని పక్కనుంచి వినబడింది.

అన్నపూర్ణ. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని స్టేజీ ఎక్కి, ఆయన కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"అలా చూస్తారేంటి? లావు తీగ బిగించండి. సా... ఇంకొంచెం. ఆఁ, చాలు. తర్వాతది పా... మళ్లీ సా, పైది. ఇప్పుడు గా... మెల్లిగా! ఆ గాంధారం దగ్గర రోజూ ఎక్కువ తిప్పేసి, మళ్లీ దింపుతారు మీరు."

"నీకెలా తెలుసు?" అన్నాడు శ్రీరాములు, నోరు తెరిచి.

"గోడకి ఇవతల ఉండేది నేనే కదా! తిప్పండి. పా... సా..."

ఆరో తీగ కూడా కుదిరింది. శ్రీరాములు ఒక్కసారి అన్నిటినీ కలిపి మీటాడు. హాలంతా నిండుగా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ స్వరాలు పాడటం, ఆయన మీటడం, అదే పాట కాబోలనుకున్నారు.

"అదరగొట్టారు బావగారూ!" అంటూ సత్యనారాయణ లేచాడు. అప్పటికే గుత్తొంకాయ కూర వాసన వస్తోందేమో, ఆయన వెనకే అందరూ లేచారు. భోజనాలు సిద్ధమని పరదేశి మైకులో చెప్పేశాడు.

పరువు దక్కింది, ఇంతటితో చాలుననుకుని శ్రీరాములు గిటారు ఒళ్లోంచి దించబోయాడు. అన్నపూర్ణ ఆయన ముందున్న మైకు లాక్కుంది.

"ఎవరూ లేవకండి! అన్నయ్యా, నువ్వు కూడా. అది పాట కాదు, శ్రుతి. ఆయన ఇంకా మొదలే పెట్టలేదు. రెండేళ్లు నేను విన్నాను, అయిదు నిమిషాలు మీరు వినలేరా?"

మూడొందల మందీ కూర్చున్నారు. శ్రీరాములు గిటారుని మళ్లీ ఒళ్లోకి సర్దుకున్నాడు. కడ్డీని తీగల మీద ఆనించి వాయించడం మొదలెట్టాడు.

చరణంలో ఆయన రోజూ తప్పే చోటొకటి ఉంది. పాట ఇంకా అక్కడికి చేరకముందే, పక్కన నిలబడ్డ అన్నపూర్ణ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆయన తప్పాడు. హాల్లో ఇంకెవరికీ తెలియలేదు.