నేను రాసిచ్చిన పేర్లు

మా గ్వలసేయో ఊళ్ళో ఎవరైనా పోతే మొదటి కబురు శవపేటికలు చేసే అతనికి, రెండోది నాకు వచ్చేది. ఫాదర్ గారు సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ ఇంట్లో కూర్చుని జపమాల చెప్పించేది నేను. పాతికేళ్ళు ఆ పని చేశాను. ఏమీ అడిగేదాన్ని కాదు. కోడిగుడ్లో, ఉడికించిన మొక్కజొన్నలో, ఒక పూట భోజనమో వాళ్ళకు తోచింది పెట్టేవారు. ప్రార్థన అయ్యాక కాఫీ తాగుతూ జనం నా పక్కకు జరిగి తమ బాధలు చెప్పుకునేవారు. ఒకరికి నిద్ర పట్టదు. ఒకరికి భర్తకు తెలియకుండా దాచిన గడ్డ. ప్రార్థన చెప్పే మనిషి బయట అనదని వాళ్ళ నమ్మకం. నిజంగానే నా నోటితో ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి కాగితం మీద రాసిచ్చాను.

రాయించుకున్నది దిగ్నా. బజారు మూలన చెప్పుల దుకాణం ఆమెది. జ్ఞానస్నానం నాడు నా కూతురు నోయెమీని జ్ఞానతల్లిగా చేతుల్లో పట్టుకున్నది దిగ్నాయే. అప్పటినుంచీ ఇద్దరం ఒకరినొకరు కొమాద్రే, అంటే బిడ్డకు తోటి తల్లి, అనే పిలుచుకుంటాం. నోయెమీకి పదేళ్ళప్పుడు కడుపులో పేగు పగిలింది. క్వెంక పట్నం పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు. దిగ్నా దుకాణం మూసేసి వచ్చి ఆ పదకొండు రోజులూ నాతోనే ఉంది. నా నోట్లోకి చెంచాతో సూప్ పోసింది. ఆ సంగతి తర్వాత ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అలాంటి మనిషి.

బయటి నుంచి చవక చెప్పులు దిగడం మొదలయ్యాక ఆమె దుకాణం మందగించింది. ఆ ఏడే క్వెంకలో ఎవరో పరిచయమై ఆమెను ఒక కంపెనీలో చేర్పించారు. బంగారు రంగు మూత ఉన్న డబ్బాలో ఆకుపచ్చ పొడి. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. కొన్నవాళ్ళు ఇంకొందర్ని చేర్పించాలి, వాళ్ళు మరికొందర్ని.

నన్ను ఒక ఆదివారం క్వెంకలో ఆ కంపెనీ సభకు తీసుకెళ్ళింది. హోటల్ హాల్లో మూడు వందల మంది. ప్రతి మాటకూ లేచి చప్పట్లు. ఒకామె వేదికెక్కి, తన మూత్రపిండాలు బాగుపడ్డాయని ఏడ్చింది. దిగ్నా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళే. నటన కాదు. అదే నన్ను భయపెట్టింది.

"చూశావా? నీ కళ్ళతో నువ్వే చూశావుగా!"

"చూశాను కొమాద్రే. కానీ నాకు అమ్మడం రాదు."

"నిన్నెవరు అమ్మమన్నారే? నీ నోట్లోంచి జపమాల తప్ప ఇంకోటొస్తుందా? నువ్వు నా కింద చేరు చాలు. మాట్లాడేది నేను."

నేను చేరనన్నాను. ఆ తర్వాత నెల రోజులు ప్రతి సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే తనూ ఒలిచేది. మొదట నవ్వించింది, తర్వాత బతిమాలింది, తర్వాత దెప్పింది.

"చచ్చినవాళ్ళ కోసం తొమ్మిది రోజులు కూర్చుంటావు. బతికున్నదాన్ని, నాకోసం ఒక్క గంట కూర్చోలేవు."

"అలా అనకు."

"ఎలా అనను? ఈ ఊళ్ళో నువ్వు అడుగుపెట్టని ఇల్లుందా? నేను తలుపు కొడితే 'చెప్పుల దిగ్నా వచ్చింది, దేనికో' అంటారు. లస్తేనియా పంపింది అంటే కుర్చీ వేస్తారు."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టేసింది.

"ఆసుపత్రిలో ఆ పదకొండు రోజులూ నాకు వీలుకాదని ఒక్కసారైనా అన్నానా?"

ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట. అంది గానీ, అన్నందుకు తనే మొహం తిప్పుకుంది. నేను చేతులు తుడుచుకుని కలం తీసుకున్నాను.

పేర్లు రాస్తే చాలంది. రాశాను. ఇంటి గుర్తు కూడా రాయమంది. రాశాను. "పక్కన ఎవరికేం బాధో ఓ ముక్క వెయ్యి కొమాద్రే. ఊరికే పోతే ఏం మాట్లాడను?" అంది. అక్కడ ఆగి ఉండవలసింది. కానీ ఒకటి రాశాక ఇంకొకటి దానంతటదే వచ్చింది. ఇంతమంది గురించి నాకు ఇంత తెలుసా అని లోపల కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఆ గొప్ప తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నలభై మూడు పేర్లు రాశాను. పదిహేడోది దోన్ మెసియాస్. పక్కన ఇలా రాశాను: "చక్కెర జబ్బు. పాదాలకు స్పర్శ లేదు. అది భార్యకు తెలియదు."

దోన్ మెసియాస్ వంతెన దగ్గర చెప్పులు బాగుచేసేవాడు. డెబ్బై దాటాయి. వాళ్ళ అన్న పోయినప్పుడు, తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని నా పక్కన కూర్చుని చెప్పాడు: "దోన్యా లస్తేనియా, నిన్న నా అరికాల్లో మేకు దిగింది. నేల మీద నెత్తురు చూసి ఎవరిదా అనుకున్నాను." నవ్వాడు. "మా ఆవిడ రోసౌరాతో అనకండి. ఊరికే హడలిపోతుంది." అననని మాటిచ్చాను.

దిగ్నా వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళిందో, ఏం చెప్పిందో అడగలేదు. అడగకపోతే నాకు సంబంధం లేనట్టే అనుకున్నాను. ఆమె మళ్ళీ ఉత్సాహంగా తిరగడం చూసి సంతోషించాను కూడా. ఐదు నెలల తర్వాత రోసౌరా మరిది వచ్చి కబురు చెప్పాడు. దోన్ మెసియాస్ పోయాడు. కాలు నల్లబడిందట. క్వెంక తీసుకెళ్ళేసరికి విషం ఒళ్ళంతా పాకిందట. ప్రార్థనకు నన్ను రమ్మన్నారు.

వెళ్ళాను. ముందు గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఆయన ఫోటో, కొవ్వొత్తులు, పూలు. ఫోటో పక్కన బంగారు మూత డబ్బా.

రోసౌరా నా రెండు చేతులూ పట్టుకుంది. "చివరిదాకా ఈ పొడి మానలేదు దోన్యా లస్తేనియా. ఆరోగ్యకేంద్రం వాళ్ళిచ్చిన సూదిమందు ఒంటిని పాడుచేస్తుందట, ఇదే కడుగుతుందట, అందుకే అది మానేశాడు. మీ స్నేహితురాలు ఎంత ఓపిగ్గా చెప్పిందో! మీరే పంపారని చెప్పింది. ఈ వయసులో మమ్మల్ని తలుచుకునేదెవరు? మీరు తలుచుకున్నారు."

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. కూర్చుని జపమాల మొదలుపెట్టాను.

చివర్లో మరియమాత నామాలు ఒక్కొక్కటే నేను చదవాలి, జనం "మా కొరకు వేడుకొనుము" అనాలి. పాతికేళ్ళుగా తడుముకోకుండా చదివిన నామాలు. ఆ రోజు ఒక నామం నోటికి వచ్చేలోపు ఒక పేరు అడ్డం వచ్చేది. నేను రాసిన వరసలోనే, మొదటి పేరు నుంచి. పళ్ళు బిగించి చదివాను. పదహారు దాటాక చదవలేక ఆగాను. జనం దుఃఖం అనుకున్నారు. ఎవరో నీళ్ళిచ్చారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఇంటికి వెళ్ళి బియ్యం ఏరుతున్నా, వీధిలో నడుస్తున్నా ఆ వరస ఆగేది కాదు. ప్రతి పేరు వెనక వందమంది గొంతులు కలిసి "మా కొరకు వేడుకొనుము" అంటున్నట్టే ఉండేది.

దిగ్నా రోజూ వచ్చింది. నల్ల బట్టల్లో వెనక వరసలో కూర్చునేది. ఆరో రోజు జపమాలలో మూడో పది పూసల దగ్గర ఉండగా నాకు ఆమె గుసగుస వినిపించింది. ఆయాసంతో రొప్పుతున్న ఒక ముసలావిడ మీదికి వంగి అంటోంది: "మెట్లెక్కితే ఊపిరాడదటగా మీకు? లస్తేనియా చెప్పింది."

ఆ ముసలావిడది ఇరవై రెండో పేరు.

నేను ఆగిపోయాను. గదంతా నావైపు చూసింది. లేచి నిలబడ్డాను.

"ఆ డబ్బా నేను పంపలేదు," అన్నాను. "కానీ ఆయన జబ్బేంటో రాసిచ్చింది నేనే. మీలో చాలామందివి రాసిచ్చాను. మీరు నమ్మి చెప్పుకున్నవే. ఆ పొడి తాగేవాళ్ళు తాగండి, దేవుడి మీద ఒట్టు, డాక్టరిచ్చిన మందు మాత్రం మానకండి."

దిగ్నా మొహం తెల్లగా పాలిపోయింది. రోసౌరా నెమ్మదిగా అడిగింది.

"ఏం రాశారు?"

"చక్కెర అని. పాదాలకు స్పర్శ లేదని."

"స్పర్శ లేదా?" ఆమెకు అప్పుడే తెలిసింది. "ఆయన మీతో చెప్పాడా?"

"మీరు హడలిపోతారని..."

"నాకు తెలిస్తే రోజూ ఆ కాళ్ళు నేను చూసేదాన్ని." గొంతు పెంచలేదు. "మొదలుపెట్టినది ముగించండి. ఆయన కోసం. రేపటినుంచి రావద్దు."

ముగించాను. ఎలా ముగించానో తెలియదు.

వీధిలో దిగ్నా నా భుజం పట్టి ఆపింది. "పోయిన మనిషి ఫోటో ముందు నా పరువు తీశావు! నేను చంపానా ఆయన్ని? నేనూ తాగుతున్నాను కదే ఆ పొడి! మా అమ్మకు పోస్తున్నాను!"

"తెలుసు కొమాద్రే."

"తెలిసి కూడా?"

"ఆ కాగితం నాకిచ్చెయ్."

ఆమె చెయ్యి జారిపోయింది. "నా దగ్గరెక్కడుంది? ఫోటో తీసి పైవాళ్ళకు పంపాను. వాళ్ళు వాళ్ళ పైకి పంపుంటారు." అప్పుడే తనకూ దాని అర్థం తెలిసినట్టు నోరు మూసుకుంది.

మిగిలిన మూడు రోజులు రోసౌరా మేనకోడలు పుస్తకం చూసి ప్రార్థన చదివింది. నేను ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి కిటికీలోంచి వినిపించినంతవరకు జవాబు చెప్పాను. తర్వాత ఒక్కో ఇంటికీ వెళ్ళాను. నలభై రెండు ఇళ్ళు. నేను రాసింది ఇదీ అని చెప్పి, మందు మానొద్దని బతిమాలాను. కొందరు తలుపు తియ్యలేదు. ఒకామె నా మొహాన ఉమ్మినంత పని చేసింది. ఆమె దాచిన గడ్డ సంగతి అప్పటికే భర్త చెవిన పడింది. ఇద్దరు మర్యాదగా విని, తమ కింద నన్ను చేరమని అడిగారు. ఆయాసం ముసలావిడ మాత్రం నాతో ఆరోగ్యకేంద్రానికి నడిచి వచ్చింది, మెట్టు మెట్టుకూ ఆగుతూ.

ప్రార్థనకు నన్నిప్పుడు ఎవరూ పిలవరు. దిగ్నా దుకాణం మూసేసింది. పక్క ఊరి సంతలో ఎవరి దగ్గరో కూలికి చెప్పులమ్ముతోంది. పొడి మానేసిందని నోయెమీ చెప్పింది. అది ఇప్పటికీ జ్ఞానతల్లిని చూసి వస్తుంటుంది. నేను వెళ్ళలేదు. తను రాలేదు.

మొన్న మార్చిలో ఒక పొద్దున రోసౌరా మా గుమ్మం ముందు నిలబడింది. ఏడాది తర్వాత. చేతిలో దోన్ మెసియాస్ పాత ఫోను ఆగి ఆగి మోగుతోంది.

"మీరు మాట్లాడండి," అంది.

అవతల హుషారైన ఆడపిల్ల గొంతు. యాస మా వైపుది కాదు. "దోన్ మెసియాస్ గారి ఇల్లేనాండి? ఆయన పాదాలకు స్పర్శ ఏమైనా వచ్చిందా?"

నేను కాగితం మీద రాసిన మాటలే.

"ఆయన పోయారమ్మా," అన్నాను.

"అయ్యో, చాలా బాధగా ఉందండి." వెంటనే అందుకుంది. "ఇంట్లో ఇంకా ఎవరెవరుంటారండి? వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది?"

పెట్టేశాను. రోసౌరా నా మొహంలోకి చూసింది.

"మళ్ళీ చేస్తారా?"

"చేస్తారు."

"నంబరు మార్చమంటున్నారు మా వాళ్ళు. ఆయన నంబరు. నా చేత కాదు."

"ఎప్పుడు మోగినా తీసుకురండి. నేను మాట్లాడతాను."

తలూపింది. ఇప్పటికి ఐదుసార్లు వచ్చింది. లోపలికి రాదు, కూర్చోమన్నా కూర్చోదు. నేను ప్రతిసారీ ఒకటే మాట చెబుతాను, ఆయన పోయారని. నేను ఫోను పెట్టేసేదాకా ఆమె నా పెదవులనే చూస్తూ నిలబడుతుంది. తర్వాత ఫోను తీసుకుని, కొంగులో చుట్టుకుని, వంతెన వైపు వెళ్ళిపోతుంది.