టైలర్ తాత చెప్పులు

సోమవారం పొద్దున షుగర్ క్లినిక్ తలుపు తీస్తూనే వాచ్‌మన్ అన్నాడు: "మేడమ్, మీ టైలర్ తాత చెప్పులొచ్చాయి. మనిషి రాలేదు. ఒకటో నంబరు టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టా."

అక్కడ అదేం కొత్త కాదు. రావలసిన రోజు మనిషి రాకపోతే ఒక్కోసారి చెప్పులు వచ్చేవి. వాటంతటవే మెట్లెక్కి వరసలో నిలబడేవి. జనం కాస్త జరిగి చోటిచ్చేవాళ్లు.

ఆ మేడమ్ పాదాల గదిలో పనిచేసే అమ్మాయి, ఇరవై ఆరేళ్లు. చదువు కాగానే, ఎవరూ తెలియని ఊళ్లో ఉద్యోగంలో చేరింది. షుగర్‌తో కాళ్లకు స్పర్శ పోయిందేమో చూడటానికి, వచ్చినవాళ్లను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అరికాలు తాకి "తెలుస్తోందా?" అని అడగడం ఆమె పని. రోజుకు అరవై మందిని అడిగేది. గదికెళ్లాక తిన్నావా అని ఆమెను అడిగే దిక్కు లేదు.

నెలకోసారి వచ్చే టైలర్ తాత ఎప్పుడడిగినా "ఆ" అనేవాడు. "నలభై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లమ్మాయ్, వీటికేమవుతుంది?" అని మీసం తిప్పేవాడు. ఆయన కార్డు నిండా టిక్కులే.

అమ్మాయి ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుంది. విరిగిన మిషను సూది ఒకటి అట్టలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ ఎండిన నెత్తురు. సూదిని పట్టకారుతో లాగేసి, చెప్పులు కింద పెట్టింది.

అవి ముందు నడిచాయి, ఆమె వెనక. రెండు వీధులు దాటి, ఇస్త్రీ షాపు పక్క మెట్లెక్కి ఒక ఇరుకు గది ముందు ఆగాయి. తాత ఉత్త కాళ్లతో మిషను తొక్కుతున్నాడు.

"పొద్దుట్నుంచీ వెతుకుతున్నా. చాడీలు చెప్పడానికి నీ దగ్గరికొచ్చాయా ఇవి?"

"కళ్లు మూసుకోండి తాతగారూ. తెలుస్తోందా?"

"ఆ."

"ఇప్పుడు?"

"ఆ."

నైలాన్ పోగు ఆమె చేతిలోనే, గాల్లోనే ఉంది.

అప్పుడర్థమైంది. ప్రతిసారీ బొటనవేలు, చిటికెనవేలు, మడమ. అరవై మందికీ అదే వరస, అదే వేగం. మిషను లయ పట్టినట్టే తాత ఆ లయ కూడా పట్టేశాడు. వరస మార్చాలని ఒక్కనాడూ ఆమెకు తట్టలేదు.

"ఎందుకు తాతగారూ అబద్ధం?"

ఆయన చేతిలోని గుడ్డ మడత సరిచేసుకున్నాడు. "తెలియట్లేదంటే పెద్దాసుపత్రికి పంపేస్తావు. నెలకొకసారైనా నన్నో మాట అడిగేది నువ్వొక్కదానివేనమ్మా."

అమ్మాయి ఆయన ఎడమ కాలు ఎత్తి చూసింది. ఆయన మడమ కింద పుండు నల్లబడుతోంది. అప్పటికప్పుడు ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే పాదం తీసేయాల్సి వచ్చేదన్నాడు అక్కడి డాక్టరు. పుండు కోసి శుభ్రం చేశారు. పాదం దక్కింది.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం చెప్పులూ మనిషీ కలిసే వచ్చారు. "ఈసారి రెండు టోకెన్లు ఇవ్వనా?" అన్నాడు వాచ్‌మన్. తాత కసురుకున్నాడు.

ఆయన బల్లమీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఈసారి మడమ దగ్గర మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. మళ్లీ తాకింది.

"తెలుస్తోందా?"

తాత మీసం మీదికెళ్లిన చెయ్యి దించేశాడు.

"లేదమ్మాయ్. తెలియట్లేదు."

ఆయన కార్డు మీద మొట్టమొదటి ఇంటూ గుర్తు పెట్టింది.

"ఇంకోసారి అడుగు," అన్నాడు తాత, కళ్లు తెరవకుండానే.

అడిగింది.