మార్తమ్మ పేనిన మోకు

నేను ఒక మోకును. కొబ్బరి పీచుతో పేనిన, బొటనవేలంత లావున్న, పట్టుకుంటే అరచేయి మంటెత్తించే మోటు మోకును. సిగ్గుపడి దాచుకునే రకాన్ని కాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: విమానం ఎక్కాను, సముద్రం దాటాను, ఒక చర్చి యూత్ మొత్తాన్నీ ఇసుకలో కూలబడేశాను. ఇంత చేసిన తాడు మీ ఇంట్లో ఉందా?

పుట్టింది కోనసీమలో, సముద్రపు ఒడ్డున. మార్తమ్మ కొబ్బరి డొక్కల్ని కాలవలో నానబెట్టి, బాది, పీచు తీసి, రాట్నానికి తగిలించి, వెనక్కి వెనక్కి నడుస్తూ నన్ను పేనింది. పేనుతున్నంతసేపూ ఆవిడ నోట ఒకటే పాట. వల లాగేటప్పుడు వాళ్ళ పేటంతా కలిసి పాడే యేసు పాట.

"రేయంతా ఏసినా రాని చేప, హైలెస్సా!
రారాజు రాగానే వల నిండిపోయె, హైలెస్సా!"

ఆ పాట నా పోగుల్లో కూడా ఎక్కిందని నా నమ్మకం.

మార్తమ్మ కూతురు దయామణికి మస్కట్‌లో ఒక ఇంట్లో పని కుదిరినప్పుడు ఆమె అట్టపెట్టెను నాతోనే కట్టారు. పెట్టె కనపడనంతగా చుట్టారు. విమానాశ్రయంలో తూకం వేసినాయన "ఇది పెట్టా, పలుపు కట్టిన గేదా?" అన్నాడు. నా బరువు మూలంగా ఒక ఆవకాయ సీసా దిగిపోవాల్సి వచ్చింది. అప్పుడు దయామణి నా వంక చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను.

మస్కట్‌లో సెలవు శుక్రవారం. అందుకని మనవాళ్ళ చర్చి కూడా శుక్రవారమే. ఏడాదికోసారి 'యూత్ సండే' చేస్తారు, అదీ శుక్రవారమే వస్తుంది. దానికి ఒక్కరికీ నవ్వు రాదు! ఆ రోజు యూత్ అంతా పెద్ద హాల్లో ఒక ప్రత్యేక గీతం పాడతారు. ఈసారి అక్కడ అమ్మ పాట మోగాలనీ, దాన్ని అమ్మ ఫోనులో చూడాలనీ దయామణి కోరిక. ఇంకా ఎవరినీ అడగనే లేదు, "పాడతన్నామే అమ్మా" అని మార్తమ్మకి మాట మాత్రం ఇచ్చేసింది.

యూత్ సండేకి ముందు వారం రెండు రోజులు సముద్రపు ఒడ్డున డేరాలు వేసుకుని గడపాలనుకున్నారు. పనిచేసే ఇంటి మేడమ్ సెలవిచ్చిందో లేదో, దయామణి పక్కబట్టలు చుట్టి నాతో కట్టేసి వ్యాను ఎక్కేసింది. ఎన్నాళ్ళకో సముద్రపు గాలి తగిలింది నాకు. ప్రాణం లేచొచ్చింది!

టీలు తాగుతుండగా దయామణి ధైర్యం చేసింది. "ఏలీషా బ్రదర్, ఈసారి మా అమ్మ పాట పాడదామండి."

ఏలీషా యూత్ లీడరు, నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మంచివాడే. కాకపోతే కీబోర్డు లేని పాట పైకి చేరదని అతని నమ్మకం. "వల పాటా సిస్టర్? సముద్రం కాడ బాగానే ఉంటదండి. చర్చిలో మైకు ముందు హైలెస్సా అంటే పాస్టరుగారు మనల్నే వల్లో చుట్టేత్తారు!"

అందరూ నవ్వారు. దయామణి కూడా నవ్వింది గానీ, ఆమె వేళ్ళు నా ముడిని విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉన్నాయి. అమ్మకి ఏం చెప్పాలా అన్న దిగులు ఆ వేళ్ళలో నాకు తెలిసిపోయింది.

నర్సు ఉద్యోగం చేసే షారోను ఊరుకోలేదు. "తాడు లాగి తేల్చుకుందాం బ్రదర్! మేం గెలిస్తే దయామణి పాట. మీరు గెలిస్తే మీ కీబోర్డు పాట."

తీరా చూస్తే, ఆటల కోసం కొన్న నైలాను తాడును ఫ్లాటులోనే మర్చిపోయి వచ్చారు.

"మా అమ్మ పేనిన మోకుందండీ!" అని దయామణి ఒక్క ఊపున నన్ను లాగేసింది. పక్కబట్టలన్నీ ఇసుకపాలు!

అటు మగపిల్లలు, ఇటు ఆడపిల్లలు. నా నడుముకి షారోను ఎర్ర చున్నీ. మొదట్లో ఆడపిల్లలు ఇసుకలో గీసిన గీత దాకా జారిపోయారు. ఏలీషా అప్పుడే పళ్ళన్నీ బయటపెట్టాడు. అప్పుడు నా చివర పట్టుకున్న దయామణి గొంతెత్తింది. "రేయంతా ఏసినా రాని చేప..."

మిగతావాళ్ళకి మాటలు రావు. కానీ హైలెస్సా ఎవరికి నేర్పాలి? "హైలెస్సా!" అని అందరూ ఒక్కసారి వెనక్కి వాలారు. చున్నీ జానెడు ఇటు వచ్చింది. "హైలెస్సా!" ఇంకో జానెడు. నాకు ఒళ్ళంతా పులకరింత! ఇంతలో అవతలి వైపు నుంచి కూడా "హైలెస్సా!" అని వినబడింది. చూద్దును కదా, ఏలీషా! అతనికి తెలియకుండానే నోరు కలిసిపోయింది. అతని వెనకాల మగపిల్లలందరూ అందుకున్నారు.

ఇరువైపులా అదే పాట, అదే ఊపు. నడుమ నేను! పోగులు పటపటలాడాయి. ఫట్‌మని తెగిపోయాను.

ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు కూలబడ్డారు. ఇసుకలో వెల్లకిలా పడున్న ఏలీషా ఆయాసపడుతూనే అడిగాడు:

"సిస్టర్, రెండో చరణం ఏటండీ?"

పందెం మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ రెండు రోజులూ ఒడ్డంతా అదే పాట. తిరిగి వెళ్ళేటప్పుడు వ్యానులోనూ అదే.

తరవాతి శుక్రవారం యూత్ సండే. ఏలీషా కీబోర్డు మీద కాసేపు వెతుక్కుని, ఇక లాభం లేదని చప్పట్లు అందుకున్నాడు. రెండో చరణానికల్లా పాస్టరుగారే హైలెస్సా అన్నారు! పాట అయ్యాక ఫోనులో మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, "పాట సరేనే, నా మోకేదే?" అంది.

దయామణి బిక్కమొహం వేసి నా ముక్క చూపించింది.

"ఎవరే తెంపింది?"

"మేమేనండీ అమ్మగారూ!" అని యూత్ మొత్తం ఫోను ముందుకి తోసుకొచ్చింది.

మార్తమ్మ ఆ మొహాలన్నీ చూసింది. "ఓలమ్మో, ఇంతమంది ఉన్నారా నీకు! అయితే ఈసారి లావుగా పేనతానే."

ఇప్పుడు నా సగం చర్చి సామాన్ల గదిలో, క్రిస్మస్ నక్షత్రాల పక్కన హాయిగా పడుకుని ఉంది. ఇంకో సగం మేడమ్ గారి డాబా మీద దండెం. కొత్త మోకు బరువుకి ఎన్ని ఆవకాయ సీసాలు దిగిపోతాయోనని దయామణికి ఇప్పటినుంచే బెంగ. నాకైతే ఏ బెంగా లేదు. పొద్దున్నే ఆమె తడిబట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తుంది. అంతలో గాలి వీస్తే ఊగుతూ నేనూ హైలెస్సా అంటాను.